పురుష హార్మోన్ లోపం: ఏ వయసులో మొదలైతే ఆ వయసు గుర్తులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఏడింటి విషయం ఒకటే కావడంతో మిగిలినవాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఏడింటికే జవాబులు రాస్తున్నాను. నాలుగు నెలల పసివాడి తల్లి మొదలుకొని 46 ఏళ్ల ఉద్యోగి వరకు అందరూ అడిగింది టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ గురించే అయినా, ఒకరు రాసిన లక్షణం మరొకరి ఉత్తరంలో దాదాపు కనిపించదు. ఈ హార్మోన్ తల్లి కడుపులో ఉన్నప్పుడే అందకపోతే అవయవాల నిర్మాణంలోనే తేడా వస్తుంది. బాల్యం దాటే వేళ అందకపోతే గొంతు, మీసం, ఒళ్లు తయారుకావు. అన్నీ తయారయ్యాక తగ్గితే తయారైనవాటిలో కొన్ని సడలుతాయి, కొన్ని చెక్కుచెదరవు. అందుకే ఇలాంటి రోగి ఎదుట కూర్చున్నప్పుడు హార్మోన్ ఎంత తగ్గిందన్న ప్రశ్న కంటే ముందు ఎప్పటి నుంచి తగ్గిందన్న ప్రశ్న వేసుకోవడం నాకు అలవాటు. ఉత్తరాలను కూడా వయసు క్రమంలోనే పెట్టాను.

వృషణాలు రక్తంలోకి ఏదో వదులుతాయని మొదట చూపించినవి కోడిపుంజులు. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త కొన్ని పుంజుపిల్లల వృషణాలు తీసేసి చూస్తే వాటికి తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాటకు దిగే గుణం కూడా లేకపోయింది. తీసిన వృషణాన్ని పొట్టలో మరో చోట అమర్చిన పుంజులు మాత్రం మామూలుగానే పెరిగి కూశాయి. పాత నరాలు తెగిపోయినా పని జరిగిందంటే ఆ కబురు రక్తం ద్వారానే వెళ్తోందన్న మాట. ఆ పదార్థాన్ని విడదీసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టడానికి 1935 వరకు ఆగవలసి వచ్చింది.

ఒక్క సంగతి చెప్పి ఉత్తరాలలోకి వెళతాను. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ విడతలు విడతలుగా ఒక ప్రేరకాన్ని విడుదల చేస్తే, దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎల్‌హెచ్ వృషణాలచేత టెస్టోస్టెరాన్ తయారు చేయిస్తుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీకి తోడ్పడుతుంది. కింది పనివాడు పలకకపోతే పై అధికారి గొంతు పెంచినట్టు, లోపం వృషణాలలోనే ఉంటే ఈ రెండు హార్మోన్లూ బాగా పెరిగి కనిపిస్తాయి. లోపం పైనే ఉంటే టెస్టోస్టెరాన్ తగ్గినా ఇవి పెరగకుండా ఉండిపోతాయి. కింది జవాబులలో ఈ తేడా పదేపదే వస్తుంది.

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు. వృషణాలు రెండూ తిత్తిలో లేవని పుట్టినప్పుడే చెప్పారు. అంగం కూడా చిన్నదిగా ఉందని నర్సు అన్నారు. ఏడాది నిండాక చూద్దామని మా అత్తగారు అంటున్నారు. ఆగవచ్చా డాక్టర్ గారూ?

జవాబు: ఆగవద్దమ్మా. ఒక పక్క వృషణం మాత్రమే దిగకుండా, మిగతా అంతా మామూలుగా ఉన్న బిడ్డ అయితే ఆరు నెలల దాకా చూడమని నేనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే అప్పటిలోగా చాలామందిలో అది తనంతట తానే దిగుతుంది. మీ బాబుకు రెండు పక్కలా లేకపోవడం, దానికి తోడు అంగం చిన్నదిగా ఉండడం, ఈ రెండూ కలిశాయి కాబట్టి పై నుంచి రావలసిన హార్మోన్ల మీద అనుమానం పడాలి. గర్భంలో మొదటి మూడు నెలల్లో బిడ్డ వృషణాలను పనిచేయించేది మాయ నుంచి వచ్చే హార్మోన్. అవయవాల రూపం ఏర్పడేది ఆ కాలంలోనే. ఆ తర్వాత బిడ్డ సొంత పిట్యూటరీ ఆ పని అందుకుని అంగం ఎదుగుదలను, వృషణాలు కిందికి దిగడాన్ని నడిపిస్తుంది. కాబట్టి పిట్యూటరీ లోపంతో పుట్టిన మగబిడ్డకు అవయవం రూపం సరిగానే ఉంటుంది, పరిమాణమే తక్కువగా ఉంటుంది. మూత్రద్వారం కొన దగ్గర కాక కిందివైపున ఉంటే మాత్రం లోపం మొదటి మూడు నెలల నాటిదని, టెస్టోస్టెరాన్ తయారీలోనో దాని పనిలోనో తేడా ఉందని వెతకాలి.

తొందర ఎందుకంటే, మగబిడ్డలలో పుట్టిన తర్వాత కొన్ని నెలల పాటు పిట్యూటరీ, వృషణాలు రెండూ మేల్కొని పనిచేస్తాయి. టెస్టోస్టెరాన్ ఒకటి నుంచి మూడు నెలల మధ్య గరిష్ఠానికి చేరి, ఆరు నెలలకల్లా తగ్గిపోతుంది. ఆ కిటికీ తెరిచి ఉన్నప్పుడు చేసే ఒక్క రక్తపరీక్ష చెప్పే సంగతి, అది మూసుకుపోయాక యుక్తవయసు వచ్చే దాకా అంత తేలిగ్గా తెలియదు. మీకు ఇంకా కొద్ది వారాల గడువే ఉంది. పుట్టిన కొత్తలో బాబుకు రక్తంలో చక్కెర పడిపోయిందా, కామెర్లు వారాల తరబడి తగ్గలేదా అన్నది గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. ఆ రెండూ పిట్యూటరీ లోపానికి తోడుగా రాగల లక్షణాలు, అప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే కార్టిసోల్ అనే హార్మోన్, ఎదుగుదల హార్మోన్ కూడా చూడాలి. చేతికి రెండు వృషణాలూ తగలని బిడ్డకు క్రోమోజోమ్ పరీక్ష తప్పనిసరి. అడ్రినల్ గ్రంథి లోపం వల్ల ఆడబిడ్డ జననాంగాలే మగబిడ్డవిగా కనిపించే అవకాశం అరుదుగానైనా ఉంది, అందులో కొందరికి మొదటి వారాలలోనే ఒంట్లో ఉప్పు తగ్గి ప్రాణం మీదికి వస్తుంది. మీ బాబు ఆ వారాలు క్షేమంగా దాటినా ఆ పరీక్ష ఇంతవరకు చేయకపోతే ఇప్పుడు చేయించండి. అంగం కొలత మాత్రం డాక్టరే తీయాలి. బొద్దుగా ఉన్న పిల్లల్లో కొవ్వులో కూరుకుపోయి చిన్నదిగా కనిపించడం చాలా మామూలు. వృషణాలు దిగకపోతే వాటిని తిత్తిలోకి చేర్చే ఆపరేషన్ 6 నుంచి 12 నెలల మధ్య, ఆలస్యమైనా 18 నెలలకు మించకుండా జరగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. రెండు పక్కలా రొమ్ము గట్టిగా ఉబ్బింది, తాకితే నొప్పి అంటున్నాడు. చొక్కా విప్పడానికి సిగ్గుపడుతున్నాడు. మగ హార్మోన్ తక్కువైందా?

జవాబు: ఈ వయసు మగపిల్లలలో సుమారు సగం మందికి ఏదో ఒక మేరకు ఇది వస్తుంది, యుక్తవయసు సరిగా మొదలైందనడానికే ఇది గుర్తు. చాలామందిలో ఏడాది రెండేళ్లలో కరిగిపోతుంది. చనుమొన కింద బిళ్లలాంటి గట్టి కణజాలం చేతికి తగిలితే అది గ్రంథి, మెత్తగా జారితే కొవ్వు. వృషణాలు వయసుకు తగ్గట్టు పెరుగుతున్నాయా లేదా అన్నది ఒక్కసారి డాక్టరుకు చూపించండి, అవి చిన్నవిగా గట్టిగా ఉంటే తప్ప పరీక్షల అవసరం రాదు. మింగే మందులు, పూసే మందులు వద్దు. అబ్బాయితో ఈ మాట మీరే చెప్పండి, వాడికి కావలసింది అదే.

ప్రశ్న: మా వాడికి పదిహేనున్నర. తరగతిలో అందరికీ మీసాలు వచ్చాయి, గొంతులు మారాయి. వీడు ఇంకా ఏడో తరగతి పిల్లాడిలా ఉన్నాడు. ఎత్తులో కూడా వెనకబడ్డాడు. వాళ్ల నాన్నగారు తనకూ ఆలస్యంగానే వచ్చిందని, కంగారు పడవద్దని అంటున్నారు. ఎదురుచూడాలా, వైద్యం చేయించాలా?

జవాబు: మీవారి మాటలో నిజం ఉండే అవకాశమే ఎక్కువ, అయినా ఒకసారి పరీక్ష చేయించాల్సిన వయసు దాటింది. మగపిల్లలలో యుక్తవయసు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు, 14 నిండినా మొదలుకాకపోతేనే ఆలస్యం అంటాము. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరబడేది ఏమిటంటే, మొదలుకావడం అన్నది మీసంతోనో గొంతుతోనో కాదు. అవి రెండు మూడేళ్ల ప్రయాణంలో చివరి మజిలీలు. మొట్టమొదటి గుర్తు వృషణాలు పెరగడం. దాన్ని ఇంట్లో ఎవరూ గమనించరు, పిల్లవాడు చెప్పడు. పొత్తికడుపు కింద కొద్దిగా వెంట్రుకలు కనిపించినా అది అడ్రినల్ గ్రంథి పని కావచ్చు కాబట్టి వృషణాలు మేల్కొన్నాయనడానికి అది సాక్ష్యం కాదు.

వృషణాల పరిమాణం కొలవడానికి మా దగ్గర ఒక పూసల దండ ఉంటుంది. 1966లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు ఆంద్రియా ప్రాడర్ రూపొందించిన ఈ దండలో కోడిగుడ్డు ఆకారపు పూసలు పన్నెండు, చిన్నది 1 మిల్లీలీటరు నుంచి పెద్దది 25 మిల్లీలీటర్ల వరకు, వరుసగా గుచ్చి ఉంటాయి. డాక్టరు ఒక చేత్తో పరీక్షిస్తూ రెండో చేత్తో దానికి సరిపోయే పూసను వెతుకుతాడు. నాలుగో నంబరు పూసకు సరిపోయిందంటే యుక్తవయసు మొదలైనట్టు. ఎన్ని స్కానింగులు వచ్చినా ఈ దండకు సాటి వచ్చేది లేదని నా అభిప్రాయం, ఎందుకంటే అర నిమిషంలో తేలిపోయే ఈ కొలత తీయకుండానే వేల రూపాయల హార్మోన్ పరీక్షలు చేయించుకుని వచ్చిన పిల్లలను నేను తరచు చూస్తుంటాను.

మీ అబ్బాయికి పూస నాలుగు దాటితే, మరో ఏడాదిలో ఎదుగుదల ఊపందుకుంటుందని ధైర్యంగా చెప్పవచ్చు. దాటకపోతే ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. ఆలస్యంగా ఎదిగే వంశంలోని పిల్లవాడికి పదిహేనేళ్లు వచ్చినా ఎముకలు పన్నెండు, పదమూడేళ్లవిగా ఉంటాయి. ఎత్తు తక్కువగా ఉన్నా ఏడాదికి పెరగవలసినంత పెరుగుతూనే ఉంటాడు. యుక్తవయసు ఆలస్యమైన మగపిల్లలలో ఎక్కువమంది ఈ కోవకే చెందుతారు. దీర్ఘకాలపు జబ్బులు, థైరాయిడ్ లోపం, సరిపడా తిండి లేకపోవడం, మితిమీరిన వ్యాయామం కూడా యుక్తవయసును వెనక్కు నెడతాయి కాబట్టి వాటినీ తోసిపుచ్చాలి. వాసన తెలియకపోవడం, చిన్నప్పుడు వృషణాలు దిగక ఆపరేషన్ జరిగి ఉండడం, గ్రహణం మొర్రి, ఒక చేయి కదిపితే రెండో చేయి కూడా దానంతట అదే కదలడం, ఇవి ఉంటే మాత్రం ఇది ఉట్టి ఆలస్యం కాకపోవచ్చు. తలనొప్పి, చూపు మందగించడం, విపరీతమైన దాహం, మూత్రం ఉంటే వెంటనే మెదడు ఎంఆర్‌ఐ తీయించాలి.

ఇక వైద్యం సంగతి. వంశపారంపర్యపు ఆలస్యానికి వైద్యం లేకపోయినా గడిచిపోతుంది. కానీ పదిహేనేళ్ల పిల్లవాడికి ఆ రెండేళ్లు ఎంత భారమో నాన్నగారిని అడిగితే, నిజాయితీగా చెబితే, ఆయనకే తెలుసు. పిల్లవాడు బడికి వెళ్లడం మానేస్తున్నా, ఆటలకు దూరమవుతున్నా తక్కువ మోతాదు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్, సాధారణంగా నెలకు 50 మిల్లీగ్రాముల చొప్పున, మూడు నుంచి ఆరు నెలలు ఇచ్చి ఆపుతాము. అంత తక్కువ మోతాదుతో చివరి ఎత్తుకు నష్టం ఉండదు. ఇందులో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టెరాన్ గొంతును మార్చగలదు, వెంట్రుకలు రప్పించగలదు, వృషణాలను మాత్రం పెంచలేదు. అందువల్ల మందు ఆపిన తర్వాత ఆ పూసల దండ మళ్లీ తీసి చూసినప్పుడు వృషణాలు పెరిగి ఉంటే అది అబ్బాయి సొంత హార్మోన్ పని అని తేలుతుంది. పెరగకపోతే, ముఖ్యంగా 18 ఏళ్లు వచ్చినా అలాగే ఉంటే, శాశ్వత లోపమని భావించి ముందుకు వెళ్లాలి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఎత్తు 178 సెంటీమీటర్లు. గడ్డం రాలేదు, గొంతు సన్నం, ఫోనులో అందరూ 'అమ్మా' అంటారు. లైంగిక కోరిక దాదాపు లేదు. ఇంత ఎత్తు ఉన్నవాడికి హార్మోన్ లోపం ఉండదని ఒక డాక్టరు పంపేశారు. నాకు చిన్నప్పటి నుంచి వాసనలు తెలియవు, దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యమే అన్నిటికంటే విలువైనది. సంబంధం ఉంది.

ముందుగా ఎత్తు సంగతి. తెలుగులో బార అన్న కొలత మీకు తెలుసు కదా, రెండు చేతులూ అడ్డంగా చాపినప్పుడు ఒక మధ్యవేలి కొన నుంచి రెండో మధ్యవేలి కొన వరకు. మామూలు మనిషికి బార, ఎత్తు దాదాపు సమానంగా ఉంటాయి. మీరు గోడకు వీపు ఆనించి చేతులు చాపి ఎవరిచేతనైనా కొలిపించండి. బార మీ ఎత్తు కంటే 5 సెంటీమీటర్లకు పైగా ఎక్కువ వస్తే, కాళ్ల పొడవు కూడా మొండెం కంటే ఎక్కువగా ఉంటే, మీ ఎత్తు ఆరోగ్యానికి గుర్తు కాక లోపానికే గుర్తు అవుతుంది. ఎముకల చివర్లలో పెరిగే మృదులాస్థి పొర యుక్తవయసులో మూసుకుపోవాలి. మగవారిలో కూడా దాన్ని మూసేది ఈస్ట్రోజెన్, ఆ ఈస్ట్రోజెన్ టెస్టోస్టెరాన్ నుంచే తయారవుతుంది. టెస్టోస్టెరాన్ లేనివాడి చేతులూ కాళ్లూ ఇరవై దాటినా నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి. పదిహేనేళ్ల వయసులో అందరికంటే పొట్టిగా ఉన్న పిల్లవాడే 24 ఏళ్లకు అందరికంటే పొడుగ్గా తేలడం ఇందువల్లనే. మిమ్మల్ని పంపేసిన డాక్టరు నిలువు కొలత ఒక్కటే చూసి ఉంటారు.

వాసనకు వస్తే, పిండంలో యుక్తవయసును నడిపే నాడీకణాలు మెదడులో పుట్టవు, ముక్కు ప్రాంతంలో పుడతాయి. అక్కడి నుంచి వాసన నరాల వెంట దారి పట్టుకుని హైపోథాలమస్‌కు చేరుకుంటాయి. ఆ దారి సరిగా ఏర్పడకపోతే వాసన నాడీ నిర్మాణమూ ఉండదు, ఆ కణాలూ గమ్యం చేరవు. ఈ రెండింటి జోడీని 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ కుటుంబాలలో గుర్తించి వివరించడంతో కాల్‌మన్ సిండ్రోమ్ అనే పేరు స్థిరపడింది. అంతకు చాలా ముందే, 1856లో, స్పెయిన్ వైద్యుడు మయెస్ట్రే దె సాన్ హువాన్ ఒక మృతదేహంలో ఈ జోడీని చూసి రాశాడు. ఇలాంటి వారిలో కొందరికి ఒకటే మూత్రపిండం ఉంటుంది, కొందరికి వినికిడి తక్కువ, కొందరికి నేను పైన చెప్పిన అద్దంలో బొమ్మలా చేతులు జంటగా కదిలే లక్షణం ఉంటుంది. పుట్టుకతో వాసన తెలియనివారు తమంతట తాముగా ఆ మాట చెప్పరు, లేనిదాన్ని ఎలా పోల్చుకుంటారు? నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు వాసన బాగానే తెలుస్తుందని గట్టిగా చెప్పాడు. కళ్లు మూయించి సబ్బు, కాఫీ పొడి ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెడితే రెండూ ఒకేలా ఉన్నాయన్నాడు. పక్కనే ఉన్న వాళ్లమ్మ అప్పుడు, పొయ్యి మీద పాలు మాడినా వీడికి తెలియదండీ, పరధ్యానం అనుకునేదాన్ని అంది.

మీకు ఉదయం పూట టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ నుంచే వచ్చే మరో హార్మోన్) పరీక్షలు, పిట్యూటరీతో పాటు వాసన నాడీ భాగాలు కనిపించేలా ఎంఆర్‌ఐ, మూత్రపిండాల స్కానింగ్, ఎముకల సాంద్రత పరీక్ష అవసరం. ఎముకలు గట్టిపడవలసిన పదేళ్లు హార్మోన్ లేకుండా గడిచాయి కనుక ఆ చివరిదాన్ని వదిలేయవద్దు. చికిత్స మొదలైతే గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది, కండ పట్టుకుంటుంది, కోరిక కలుగుతుంది. ఇరవై నాలుగేళ్లు ఆలస్యం కానే కాదు. సంతానం కావాలనుకున్నప్పుడు టెస్టోస్టెరాన్ ఆపి, దాని స్థానంలో హెచ్‌సీజీ (ఎల్‌హెచ్‌లా పనిచేసే హార్మోన్), ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇస్తే మీ వృషణాలే వీర్యకణాలను తయారు చేయగలవు. మగవారి వంధ్యత్వంలో మందులతో ఇంత బాగా దారికి వచ్చే రకం మరొకటి లేదనే చెప్పాలి. కొద్దిమందిలో, సుమారు పది మందిలో ఒకరిద్దరిలో, చికిత్స తర్వాత సొంత హార్మోన్ వ్యవస్థ మేల్కొనడం కూడా ఉంది, అందుకే మధ్యలో మందు ఆపి చూస్తాము.

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లు. మావారికి 31. వీర్యంలో కణాలే లేవని, ఎఫ్‌ఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉందని, క్రోమోజోమ్ పరీక్షలో 47 ఎక్స్ ఎక్స్ వై అని వచ్చింది. దాంపత్యంలో మాకు ఏ లోటూ లేదు. ఒక ఎక్స్ ఎక్కువైతే ఆయన పూర్తి మగవారు కారా? ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: మీవారు మగవారేనమ్మా, వై క్రోమోజోమ్ ఉంది, వృషణాలు ఏర్పడ్డాయి, మగవాడిగానే పుట్టి పెరిగారు. దీనిని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. 1942లో హారీ క్లైన్‌ఫెల్టర్ దీని లక్షణాలను వర్ణించినప్పుడు కారణం ఎవరికీ తెలియదు, 1959లో గానీ అదనపు ఎక్స్ సంగతి బయటపడలేదు. 500 నుంచి 1000 మంది మగశిశువులకు ఒకరి చొప్పున ఉండే ఇది మీరు అనుకునేంత అరుదు కాదు, ఎంతోమందికి జీవితమంతా బయటపడకుండానే గడిచిపోతుంది. అండంలోనో వీర్యకణంలోనో క్రోమోజోములు పంచుకునే వేళ జరిగిన పొరపాటు వల్ల వచ్చేదే తప్ప వంశంలో నడిచేది కాదు, ఎవరి తప్పూ కాదు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం. చెప్పి తీరాలన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు.

మొదటి ఉత్తరంలోని పసివాడికీ, 24 ఏళ్ల యువకుడికీ, మీవారికీ తేడా గమనించండి. ఈ సిండ్రోమ్‌లో యుక్తవయసు సాధారణంగా సకాలానికే మొదలవుతుంది. గొంతు మారుతుంది, మీసం వస్తుంది. ఆ తర్వాతే వృషణాల లోపలి నాళాలు గట్టిపడిపోయి అవి చిన్నవిగా, గట్టిగా, ఎక్కువగా 5 మిల్లీలీటర్ల లోపే ఉండిపోతాయి. టెస్టోస్టెరాన్ మొదట్లో చాలినంత ఉండి, ముప్పై దాటాక క్రమంగా తగ్గవచ్చు. కాళ్లు పొడవుగా ఉండడం, రొమ్ము ఉబ్బు, చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా రావడం, చదవడంలో ఇబ్బంది వంటివి కొందరిలో ఉంటాయి, అన్నీ ఒకరిలోనే ఉండనక్కర్లేదు. చాలామంది విషయంలో డాక్టరు దగ్గరకు రప్పించేది మీకు ఎదురైన సమస్యే.

వీర్యంలో కణాలు లేకపోయినా వృషణం లోపల అక్కడక్కడ తయారవుతూ ఉండవచ్చు. మైక్రోస్కోప్ సాయంతో ఆ చోటు వెతికి కణాలను బయటికి తీసే శస్త్రచికిత్సలో, అనుభవమున్న చోట, పది మందిలో సుమారు నలుగురికి కణాలు దొరుకుతున్నాయి. దొరికితే వాటిని అండంలోకి నేరుగా ప్రవేశపెడతారు. ఇది తేలే వరకు మీవారికి ఎవరూ టెస్టోస్టెరాన్ మొదలుపెట్టకూడదు, ఆ కొద్దిపాటి తయారీ కూడా ఆగిపోతుంది. తర్వాత దీర్ఘకాలంలో మధుమేహం, ఎముకల సాంద్రత, కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టడం, రొమ్ములో గడ్డలు వీటిపై ఒక కన్ను వేసి ఉంచాలి.

ప్రశ్న: నాకు 38. రెండేళ్ల కిందట పిట్యూటరీ గడ్డకు ఆపరేషన్ అయింది. రోజూ గడ్డం గీసుకునేవాణ్ణి, ఇప్పుడు వారానికి ఒకసారి చాలు. ఓపిక లేదు, కోరిక తగ్గింది. గొంతు కూడా మళ్లీ సన్నబడిపోతుందా?

జవాబు: సన్నబడదు. స్వరపేటిక ఒకసారి పెరిగి స్వరతంత్రులు పొడవయ్యాక హార్మోన్ పోయినా అవి వెనక్కు కుంచించుకుపోవు. అలాగే మీ ఎత్తు, బార, అంగం పరిమాణం ఇవేవీ మారవు. యుక్తవయసు కట్టిన ఇంటి గోడలు నిలుస్తాయి, రోజువారీ నిర్వహణే ఆగిపోతుంది. గడ్డం పెరిగే వేగం తగ్గడం, తెల్లవారుజామున సహజంగా వచ్చే స్తంభన కనిపించకపోవడం, కండ తగ్గి నడుము చుట్టూ కొవ్వు చేరడం, హిమోగ్లోబిన్ కొంత పడిపోవడం, కళ్ల చివర, నోటి చుట్టూ సన్నని గీతలు, కొందరిలో ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, ఇవి పెద్దయ్యాక వచ్చిన లోపానికి గుర్తులు. మీరు గడ్డం సంగతి రోజుల లెక్కతో రాయడం చాలా ఉపయోగపడింది, నీరసం అన్న మాటకు వంద కారణాలు ఉంటాయి గానీ రోజూ గీసుకునే గడ్డం వారానికి ఒకసారికి రావడానికి కారణాలు తక్కువ. ఆపరేషన్ చేసిన వారి దగ్గర టెస్టోస్టెరాన్‌తో పాటు కార్టిసోల్, థైరాయిడ్ కూడా చూపించుకోండి. పిట్యూటరీ దెబ్బతింటే లోపం ఒక్కటే ఉండడం అరుదు, కార్టిసోల్ లోపం సరిచేయడమే అన్నిటికంటే ముందు జరగాలి.

ప్రశ్న: వయసు 46, కాస్త లావు. ఎప్పుడూ అలసట. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పరీక్ష చేయించుకుంటే టెస్టోస్టెరాన్ 280 వచ్చింది. జిమ్‌లో ఒక స్నేహితుడు వారానికో ఇంజెక్షన్ తీసుకుంటున్నాడు, నన్నూ తీసుకోమంటున్నాడు. రెండో బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం.

జవాబు: తీసుకోవద్దు. మీ ఉత్తరంలో లోపాన్ని రుజువు చేసేది ఏమీ లేదు. టెస్టోస్టెరాన్ ఉదయం ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది, తిన్న తర్వాత కూడా తగ్గుతుంది. డెసీలీటరుకు 280 నానోగ్రాములు అన్న మీ సాయంత్రపు అంకెతో నిర్ణయానికి రాలేము. ఉదయం పరగడుపున, వేర్వేరు రోజులలో రెండుసార్లు చేసినప్పుడు రెండుసార్లూ తక్కువ వస్తేనే లోపం అంటాము. ఆ హద్దును కొందరు నిపుణులు 300 దగ్గర, కొందరు 264 దగ్గర పెడతారు. లావుగా ఉన్నవారిలో ఈ హార్మోన్‌ను మోసే ప్రొటీన్ తగ్గడం వల్ల మొత్తం అంకె తక్కువగా కనిపించినా, విడిగా ఉండి పనిచేసే భాగం సరిపడా ఉండవచ్చు, కాబట్టి దాన్ని కూడా లెక్కించమనండి. బరువు తగ్గితే చాలామందిలో అంకె దానంతట అదే పెరుగుతుంది. గురక, పగటి నిద్ర ఉంటే వాటికి పరీక్ష చేయించండి, మీ అలసట అక్కడి నుంచే వస్తూ ఉండవచ్చు.

మీ స్నేహితుడి సంగతి అంతకంటే ముఖ్యం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తుంటే పిట్యూటరీ ఇక తన అవసరం లేదనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం మానుకుంటుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోవచ్చు. ఒంటి మీద కండ పెరుగుతూ ఉండగానే సంతానశక్తి పోతూ ఉంటుంది కనుక మనిషికి అనుమానం రాదు. ఆపాక చాలామందిలో తిరిగి వస్తుంది గానీ నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటుతుంది. రక్తం చిక్కబడే ప్రమాదం కూడా ఉంది. మేము రాసిన మందు తీసుకునేవారికి కూడా హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే ఆపుతాము, జిమ్‌లో ఆ పరీక్ష ఎవరు చేస్తారు? రెండో బిడ్డ కావాలనుకుంటున్న మీకు నిజంగానే లోపం ఉందని తేలినా టెస్టోస్టెరాన్ రాయను, వేరే దారులు ఉన్నాయి.

జ్వరమో జలుబో ఉన్న వారంలో కాకుండా, రాత్రి సరిగా నిద్రపోయి, ఏమీ తినకుండా ఉదయం పది గంటలలోపు రక్తం ఇవ్వండి. అదే సీసాలో ఎల్‌హెచ్ కూడా చూడమని చీటీలో రాయించుకోండి.